లారీ ఎయిర్ ఫిల్టర్ గాలిని ఎంత ఆపుతుంది? నీళ్ల గొట్టంతో కొలిచే పద్ధతి, నా అనుభవాలు

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెబుతాను, పొరబడితే సరిదిద్దండి. మీది 5.9 లీటర్ల, ఆరు సిలిండర్ల టర్బో ఇంజన్ ఉన్న పది చక్రాల టిప్పర్. పరవాడ వైపు నుంచి విద్యుత్ కేంద్రపు బూడిద తోలుతున్నారు. ఫిల్టర్ తీసేసి నడిపితే పికప్ బాగుందని మీ డ్రైవరు అంటున్నాడు. నూనె పట్టించిన నూలు గుడ్డ ఫిల్టర్ వేస్తే గాలి ధారాళంగా ఆడి మైలేజీ పెరుగుతుందని దుకాణంలో చెప్పారు. రుజువుగా ఒక వీడియో చూపించారు. అందులో వాక్యూమ్ క్లీనర్‌తో రెండు ఫిల్టర్ల గుండా గాలి లాగి పోల్చారు. అది నమ్మవచ్చా, మన చేతనే అయ్యే పరీక్ష ఏమైనా ఉందా అని అడిగారు.

పరీక్ష ఉంది. తాపీమేస్త్రులు గోడల మట్టం చూసుకునే తెల్ల గొట్టం నాలుగైదు మీటర్లు, అర లీటరు నీళ్లు ఉంటే చాలు. వీడియోను మాత్రం పక్కన పెట్టండి. బాగున్న పేపర్ ఫిల్టర్ మీ ఇంజన్ బలాన్ని తినదు. మూసుకుపోయిన ఫిల్టర్ తింటుంది. నేను చూసిన లారీలలో గాలి ఆడని కేసులు సగానికి పైగా ఫిల్టర్ వల్ల కాదు, దానికి ముందో వెనకో ఉన్న గొట్టాల వల్ల. కొలవకుండా ఫిల్టర్ మార్చితే డబ్బు పోతుంది. ఫిల్టర్ తీసి నడిపితే ఇంజనే పోతుంది.

గాజువాక ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లుగా డీజిల్ ఇంజన్ల పనిలోనే ఉన్నాను. అందులో పద్నాలుగేళ్లు ఒక రవాణా సంస్థ లారీల మరమ్మతులు చూశాను. కింద చెప్పేవి ఆ పద్నాలుగేళ్లలో రాసుకున్న పుస్తకం నుంచి.

మీ ఇంజన్ ఎంత గాలి పీలుస్తుంది

నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి తన సైజంత గాలి పీలుస్తుంది. 5.9 లీటర్ల ఇంజన్ 2,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వద్ద, టర్బో లేదనుకుంటే, నిమిషానికి సుమారు 7,400 లీటర్లు. టర్బో ఒత్తి నింపుతుంది కాబట్టి పూర్తి లోడు మీద అది 11 నుంచి 12 వేల లీటర్ల దాకా వెళ్తుంది. అంటే 12 ఘనపు మీటర్లు. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న చిన్న గదిలోని గాలినంతా నిమిషంలో ఖాళీ చేసినట్టు.

ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ ఎంత మంచిదైనా నిమిషానికి రెండు ఘనపు మీటర్లకు అటూ ఇటూ. లారీ ఫిల్టర్‌కు అది పిల్లగాలి. అంత తక్కువ గాలిలో ఏ ఫిల్టరైనా ఒకేలా కనిపిస్తుంది. లేదా మూతకీ గొట్టానికీ మధ్య సందు ఉన్న ఫిల్టర్ గెలిచినట్టు కనిపిస్తుంది. ఇంకో చిక్కు ఉంది. వాక్యూమ్ క్లీనర్‌కు అడ్డం పెరిగితే అది లాగే గాలే తగ్గిపోతుంది. అప్పుడు రెండు ఫిల్టర్లను రెండు వేరువేరు గాలుల దగ్గర పోల్చినట్టు అవుతుంది. ప్రయోగశాలలో ఇందుకు తలకిందులుగా చేస్తారు. గాలి పరిమాణాన్ని ఒక అంకె దగ్గర కదలకుండా పట్టి ఉంచి, ఆ గాలి వెళ్లడానికి ఫిల్టర్ ముందూ వెనకా ఒత్తిడి ఎంత తేడా వచ్చిందో చూస్తారు. ఐఎస్ఓ 5011 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పేది ఈ పద్ధతే.

కాబట్టి మనం కొలవాల్సింది గాలిని కాదు, గాలి లాగడానికి ఇంజన్ పడే కష్టాన్ని. పుస్తకాల్లో దాన్ని రెస్ట్రిక్షన్ అంటారు. నేను అడ్డం అంటాను. నీటి మట్టంలో మిల్లీమీటర్లుగా కొలుస్తారు. ఒక కిలోపాస్కల్ అంటే 102 మి.మీ. నీరు. టర్బో ఉన్న లారీ డీజిల్ ఇంజన్లకు చాలామంది తయారీదారులు పెట్టే హద్దు 25 అంగుళాల నీరు, అంటే 635 మి.మీ., 6.2 కిలోపాస్కల్. టర్బో లేని పాత ఇంజన్లకు 20 అంగుళాలు, 508 మి.మీ. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం.

గొట్టంతో కొలవడం

ఎయిర్ క్లీనర్ డబ్బాకూ టర్బోకూ మధ్య ఉన్న గొట్టం మీద, లేదా డబ్బా బయటికి వెళ్లే మూతి దగ్గర, అడ్డం హద్దు చేరితే ఎర్రపట్టీ చూపించే చిన్న ఇండికేటర్ ఉంటుంది. అది విప్పి, ఆ రంధ్రానికి ఒక టీ (T ఆకారపు మూడు మూతుల ముక్క) బిగించండి. టీ ఒక కొమ్మకు ఇండికేటర్, ఇంకో కొమ్మకు మన గొట్టం. కొత్తగా రంధ్రం వేయవలసి వస్తే గొట్టం తిన్నగా ఉన్న చోట వేయండి, వంపులో వద్దు. గొట్టం విప్పి పక్కన పెట్టి వేయండి. డ్రిల్లు రజను టర్బోలోకి వెళ్లిందంటే ఈ కథ అక్కడితో సరి.

గొట్టాన్ని మీటరున్నర చెక్క మీద 'U' ఆకారంలో కట్టండి. రెండు కాళ్లూ పక్కపక్కనే, ఐదు సెంటీమీటర్ల దూరం లోపే ఉండాలి. ఘాట్ మీద లారీ ఒరిగితే మట్టం కూడా ఒరుగుతుంది కదా, కాళ్లు దగ్గరగా ఉంటే ఆ తేడా నాలుగైదు మిల్లీమీటర్లు మించదు. సగం దాకా నీళ్లు పోసి, కనబడడానికి బట్టల నీలిమందు ఒక చుక్క కలపండి. ఇంజన్ వైపు వెళ్లే గొట్టం మధ్యలో ఒక ఖాళీ సీసా పెట్టి, మూతకు రెండు రంధ్రాలు వేసి, దాని గుండా పోనివ్వండి. అడ్డం అనుకున్నదానికన్నా ఎక్కువైతే నీళ్లు టర్బోలోకి కాకుండా సీసాలోకి పోతాయి. నీటి మట్టం ఎగిరెగిరి పడుతుంటే గొట్టంలో ఒకచోట సన్నని రంధ్రం ఉన్న ముక్క ఇరికించండి, నిదానిస్తుంది.

అంకె చదవడంలో నా దగ్గర పనిచేసిన కుర్రాళ్లందరూ చేసిన పొరపాటు ఒకటుంది. ఒక కాలులో నీరు 150 పైకి ఎక్కింది, కాబట్టి అడ్డం 150 అని రాసేవారు. రెండో కాలులో నీరు అంతే కిందికి దిగుతుంది. రెండు మట్టాల మధ్య మొత్తం తేడా తీసుకోవాలి, అంటే 300. ఒక లారీ ఇలాగే ఏడు నెలలు 'బాగుంది' అనిపించుకుని తిరిగింది.

ఇంకో ముఖ్యమైన విషయం. బండి నిలబెట్టి రేజ్ చేసి కొలిస్తే ఉపయోగం లేదు. లోడు లేకపోతే టర్బో సరిగా తిరగదు, ఇంజన్ అసలు పీల్చే గాలిలో సగమో ఆ పైనో మాత్రమే పీలుస్తుంది. మూసుకుపోయిన ఫిల్టర్ కూడా అమాయకంగా కనిపిస్తుంది. నిండు లోడుతో, ఎత్తు ఎక్కుతూ, యాక్సిలేటర్ నేలకు తొక్కి, ఇంజన్ గరిష్ఠ ఆర్‌పీఎం దగ్గర పది పదిహేను సెకన్లు నిలబడినప్పుడు అంకె తీసుకోవాలి. నడిపేవాడు మట్టం చూడకూడదు. చెక్క పట్టుకుని చదవడానికి క్లీనరు సీట్లో ఇంకో మనిషి ఉండాలి.

సాలూరు ఘాట్‌లో చేసిన పరీక్ష

సాలూరు లారీల ఊరు. అక్కడి నుంచి సుంకి మీదుగా కొరాపుట్ ఎక్కే ఘాట్ రోడ్డు మా పరీక్షల మైదానం. మా బండ్లు ఎలాగూ రాయపూర్ వైపు లోడుతో ఆ దారినే వెళ్లేవి. మీలాగే అప్పట్లో మా యజమానికి కూడా ఎవరో ఎక్కువ గాలి ఫిల్టర్ల గురించి చెప్పారు. ముప్ఫై ఆరు బండ్లకు కొనేస్తానన్నారు. ముందు ఒక బండి మీద చూద్దామని బతిమాలి ఒప్పించాను.

మీ బండి లాంటిదే 5.9 లీటర్ల ఇంజన్. అదే లోడు, అదే డ్రైవరు, అదే మూడో గేరు మలుపు. కొన్ని నెలలు వాడి, ఇంకా ఎర్రపట్టీ రాని పేపర్ ఫిల్టర్‌తో అడ్డం 430 మి.మీ. కొత్త పేపర్ ఫిల్టర్‌తో 280. తరువాత రాత్రంతా వాన కురిసి దుమ్ము అణిగిన ఒక ఉదయం, పెద్ద ఫిల్టర్ తీసేసి లోపలి చిన్న సేఫ్టీ ఫిల్టర్ మాత్రం ఉంచి, ఆ ఎత్తు వరకే నడిపాం. 150 వచ్చింది. ఇది మీరు చేయవద్దు. మాకు కూడా అది ఒక్కసారి చేసిన సాహసమే.

ఇక లెక్క చూడండి. కొత్త పేపర్ తన వంతుగా వేసిన అడ్డం 280 లోంచి 150 తీస్తే 130 మి.మీ. సముద్రమట్టం దగ్గర వాతావరణ ఒత్తిడి నీటిలో సుమారు 10,300 మి.మీ. అంటే కొత్త పేపర్ ఫిల్టర్ కాజేసింది నూటికి ఒకటింపావు. పేపర్ అసలే లేకుండా తిరిగినా కలిసి వచ్చేది అంతే. డీజిల్ ఇంజన్ పూర్తి లోడులో కూడా డీజిల్ మండడానికి కావలసినదానికన్నా ఎంతో ఎక్కువ గాలి పీలుస్తుంది. పైగా ఒత్తిడి కాస్త తగ్గితే టర్బో ఇంకొంచెం వేగంగా తిరిగి చాలావరకు సర్దేస్తుంది. ఘాట్ ఎక్కిన సమయంలో మూడు సార్లకూ తేడా మలుపులో ఎదురొచ్చిన బస్సును బట్టే వచ్చింది తప్ప ఫిల్టర్‌ను బట్టి రాలేదు.

మా యజమానికి నచ్చిన లెక్క ఇంకొకటి. కొరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి ఒత్తిడి విశాఖలో కన్నా నూటికి పది తక్కువ. నీటి మట్టంలో చెబితే సుమారు వెయ్యి మిల్లీమీటర్లు. కొత్త ఫిల్టర్ 130 తింటుంటే కొండ వెయ్యి తింటోంది. కొరాపుట్‌లో లారీలు తిరగడం మానేశాయా అని అడిగితే ఆయన నవ్వి ఫిల్టర్ల మాట వదిలేశారు.

అలాగని 635 దాటనివ్వవచ్చని కాదు. ఆ హద్దుకు కారణాలున్నాయి. గాలి తగ్గేకొద్దీ పొగగొట్టం వేడి పెరుగుతుంది, నల్లపొగ మొదలవుతుంది, టర్బో గాలి పీల్చే వైపు శూన్యం పెరిగి సీలు దాటి ఆయిల్‌ను లాగుతుంది. టర్బోలో ఆయిల్ కారుతోందని మా దగ్గరికి వచ్చిన బండ్లలో కొన్నింటికి టర్బో విప్పనే లేదు, ఫిల్టర్ మార్చి పంపించాం. కొత్త కాలుష్య నిబంధనల బీఎస్ 6 బండ్లలో ఇది ఇంకా సున్నితం. పొగ పెరిగితే మసి వడపోత త్వరగా నిండుతుంది, తరచుగా దాన్ని కాల్చి శుభ్రం చేసుకోవడానికి డీజిల్ వృథా అవుతుంది.

మైలేజీ గురించి ఒక మాట. 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల కార్ల మీద పరీక్షించి, ఫిల్టర్ మూసుకుపోయినా నేటి పెట్రోలు కార్ల మైలేజీ చెప్పుకోదగినంత మారలేదని, త్వరణమే తగ్గిందని తేల్చింది. లారీ వేరు, డీజిల్ వేరు, ఆ ఫలితాన్ని యథాతథంగా మనకు అంటించుకోలేం. కానీ మూసుకుపోయినదానికే అంత తక్కువ ప్రభావం ఉంటే, బాగున్న ఫిల్టర్‌ను ఇంకో బాగున్న ఫిల్టర్‌తో మార్చితే మైలేజీ పెరుగుతుందన్న దుకాణం మాటను ఎలా నమ్మాలి?

రెండు చోట్ల కొలవండి, దొంగ దొరుకుతాడు

ఒకే చోట కొలిస్తే మొత్తం అడ్డం తెలుస్తుంది కానీ ఎవరు అడ్డుపడుతున్నారో తెలియదు. డబ్బాలోకి గాలి వచ్చే వైపు, అంటే ఫిల్టర్‌కు ముందు, ఇంకో రంధ్రం పెట్టి అక్కడా కొలవండి. ఫిల్టర్ తరువాతి అంకె లోంచి ఫిల్టర్ ముందటి అంకె తీసేస్తే మిగిలేది ఫిల్టర్ వాటా. ఫిల్టర్‌కు ముందు అంకె ఎక్కువగా ఉంటే పైకి నిలబడిన గాలి గొట్టాన్ని, దాని టోపీని చూడండి. ఒకసారి మా బండి అడ్డం 700 చూపించింది. ఫిల్టర్ రెండు సార్లు మార్చారు, తగ్గలేదు. ముందు వైపు కొలిస్తే అక్కడే 480. టోపీ విప్పి చూస్తే టార్పాలిన్ ముక్క. ఎప్పుడో ఎగిరి లోపల ఇరుక్కుంది. ఇంకో బండిలో పిచ్చుక గూడు ఉండేది. పిల్లలు ఎగిరిపోయేదాకా బండి ఆపమన్న క్లీనరు మాట ఎవరూ వినలేదు గానీ, గూడును వాడే జాగ్రత్తగా తీసి చెట్టు మీద పెట్టాడు.

అన్నింటికన్నా మోసం చేసేది రబ్బరు గొట్టం. బయటికి బాగానే ఉంటుంది. లోపలి పొర ఊడి, ఇంజన్ గట్టిగా పీల్చినప్పుడు తలుపులా మూసుకుంటుంది, ఆపగానే తెరుచుకుంటుంది. నిలబెట్టి చూస్తే ఏమీ కనబడదు. అందుకే లోడు మీద కొలవాలని అంత గట్టిగా చెప్పాను. అది ఇండికేటర్ రంధ్రానికీ టర్బోకూ మధ్య ఉంటే ఇండికేటర్ ఎప్పటికీ చెప్పదు. అలాంటి అనుమానం ఉంటే టర్బో మూతికి దగ్గరగా కూడా ఒక అంకె తీసుకోవాలి.

ఇండికేటర్‌ను కూడా పరీక్షించండి. విప్పి, తుడిచి, నోటితో నెమ్మదిగా పీల్చండి. మనిషి నోటితో 635 మి.మీ. నీటి శూన్యం సులభంగా వస్తుంది. ఎర్రపట్టీ వచ్చి నిలబడాలి, మీట నొక్కితే పోవాలి. ఎంత పీల్చినా రాకపోతే ఇండికేటర్ చచ్చిపోయింది. మేం ఒకసారి ముప్ఫై ఆరు బండ్లనూ చూస్తే పదకొండింటికి పనిచేయడం లేదు. అన్ని నెలలుగా ఆ డ్రైవర్లు 'ఎర్రది రాలేదు సార్' అని నిజాయితీగా చెబుతూ వచ్చారు.

అంకె తగ్గితే సంతోషించకండి, అనుమానించండి

మీరు నా మాటల్లో ఒకటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. అదే డబ్బాలో వేరే ఫిల్టర్ వేసి కొలిస్తే అడ్డం తగ్గింది. ఫిల్టర్ మంచిదనుకుంటాం. కానీ అడ్డం తగ్గడానికి మూడు దారులున్నాయి. పేపర్ ఎక్కువ మడతలతో, ఎక్కువ వైశాల్యంతో ఉండటం ఒకటి, అది మంచిదే. పేపర్ పలచగా, రంధ్రాలు పెద్దగా ఉండటం రెండోది. గాస్కెట్ సరిగా కూర్చోక గాలి పక్కదారి పట్టడం మూడోది. నీళ్ల గొట్టానికి ఈ మూడింటి మధ్య తేడా తెలియదు.

ఒక సంవత్సరం మా స్టోర్స్‌కు చవకలో దొరికాయని కొన్ని ఫిల్టర్లు వచ్చాయి. పెట్టె మీద అచ్చు అసలుదిలాగే ఉంది. గొట్టంతో కొలిస్తే అసలుదానికన్నా 60 మి.మీ. తక్కువ. అందరం మెచ్చుకున్నాం, నేను కూడా. మూడు వారాల తరువాత ఒక బండి టర్బో గొట్టం విప్పి, లోపల తెల్లగుడ్డతో తుడిస్తే బూడిద రంగు చార వచ్చింది. ఫిల్టర్ అంచున ఉన్న రబ్బరు గట్టిపడి ఒక పక్క ఒత్తుకోలేదు. మడతలు లెక్కపెడితే అసలుదాని కన్నా నలభైకి పైగా తక్కువ. ఆ ఫిల్టర్లు వేసిన నాలుగు ఇంజన్లలో రెండింటికి మరుసటి సంవత్సరమే బోరు, రింగులు చేయించాం. నా ఉద్యోగంలో సిగ్గుపడిన రోజుల్లో అది ఒకటి, ఎందుకంటే ఆ 60 మి.మీ. అంకె పక్కన 'బాగుంది' అని రాసి సంతకం పెట్టింది నేనే.

అప్పటి నుంచి గొట్టం పరీక్షకు తెల్లగుడ్డ పరీక్ష జత లేకుండా ఏ ఫిల్టర్‌నూ ఒప్పుకోలేదు. ఫిల్టర్ దాటాక ఉన్న గొట్టం లోపల వేలికి తెల్లగుడ్డ చుట్టి తుడవండి. ఆయిల్ తడి కొంచెం ఉంటే పరవాలేదు, అది క్రాంక్‌కేసు (ఇంజన్ అడుగుభాగం) ఆవిరి కావచ్చు. పొడి దుమ్ము చారగా వస్తే ఎక్కడో కారుతోంది. ఇంజన్ ఆయిల్‌ను పరీక్షకు పంపే వీలుంటే సిలికాన్ ఎంత ఉందో చూడమనండి. మట్టి లోపలికి వెళ్తోందా అనేది ఆ అంకె చెబుతుంది.

నూనె గుడ్డ ఫిల్టర్ మీద నా అభిప్రాయం కూడా ఇక్కడి నుంచే వచ్చింది. ఒక ఫిల్టర్ నూటికి 99.9 వంతుల దుమ్మును పట్టిందనుకోండి, ఇంకొకటి 99 పట్టిందనుకోండి. వినడానికి రెండూ ఒకటే. కిలో దుమ్ము ఫిల్టర్ దాకా వస్తే మొదటిది ఒక గ్రాము లోపలికి వదిలింది, రెండోది పది గ్రాములు. ఇంజన్‌కు పది రెట్ల తేడా. ఆ పది గ్రాముల్లో ఎక్కువ భాగం ఐదు నుంచి ఇరవై మైక్రాన్ల రేణువులే అయితే మరీ చేటు, ఎందుకంటే రింగుకూ లైనర్‌కూ మధ్య ఉండే ఆయిల్ పొరను దాటి రెండింటినీ ఒరిపిడి రాయిలా అరగదీసే సైజు అదే. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, కాబట్టి ఇవి కంటికి కనబడవు. తారు రోడ్డు మీద పోటీలకు తిరిగే కారుకు గుడ్డ ఫిల్టర్ వేసుకుంటే వేసుకోనివ్వండి. బూడిద తోలే టిప్పర్‌కు నేను వేయను. నూనె ఎక్కువైతే గాలి కొలిచే సెన్సర్ ఉన్న బండ్లలో దాని సన్నని తీగ మీద పేరుకుని తప్పుడు అంకెలు కూడా వస్తాయి.

ఇంకో వింత ఉంది. పేపర్ ఫిల్టర్ దుమ్మును అతి తక్కువగా ఆపేది కొత్తగా ఉన్నప్పుడే. పైన దుమ్ము పొర కట్టాక ఆ పొరే ఇంకా సన్నని దుమ్మును ఆపుతుంది. అడ్డం పెరుగుతూ ఉంటుంది, వడపోత కూడా మెరుగవుతూ ఉంటుంది. అందుకే ప్రయోగశాలలో కొత్త ఫిల్టర్ మొదటి దశ వడపోతను విడిగా, హద్దు చేరేదాకా మొత్తం వడపోతను విడిగా చూస్తారు. అంటే హద్దు రాకముందే ఆత్రపడి మార్చడం కూడా ఇంజన్‌కు మేలు కాదు.

గాలి కొట్టే అలవాటు

మన దగ్గర ప్రతి ఆదివారం ఫిల్టర్ తీసి టైరుకేసి దబదబా బాది, పంక్చర్ షాపు కంప్రెసర్‌తో గాలి కొట్టడం ఒక పూజలా జరుగుతుంది. బాదితే అంచు రేకు వంగి గాస్కెట్ కూర్చోదు. టైర్లకు గాలి పట్టే కంప్రెసర్‌లో ఏడెనిమిది బార్ల ఒత్తిడి ఉంటుంది, దగ్గర నుంచి కొడితే కాగితం చిల్లులు పడుతుంది. ఆ చిల్లులు పడ్డాక గొట్టంతో కొలిస్తే అడ్డం తగ్గి ఉంటుంది. 'చూశారా, శుభ్రమైంది' అంటారు. పై విభాగం మళ్లీ చదవండి.

తప్పనిసరైతే రెండు బార్ల లోపు ఒత్తిడితో, లోపలి నుంచి బయటికి, ఒక జానెడు దూరం నుంచి కొట్టి, తరువాత చీకట్లో లోపల బల్బు పెట్టి చూడండి. చుక్క వెలుగు కనబడినా పారేయండి. లోపలి సేఫ్టీ ఫిల్టర్‌ను ఎప్పుడూ కడగకూడదు, కొట్టకూడదు. పెద్దది మూడు సార్లు మార్చినప్పుడు దాన్ని ఒకసారి మార్చడం మా లెక్క.

మీ డ్రైవరు చెప్పిన పికప్

ఆయన అబద్ధం చెప్పలేదు. రెండు విషయాలు కావచ్చు. ఒకటి, ఫిల్టర్ తీస్తే టర్బో ఈల, గాలి పీల్చే రొద క్యాబిన్‌లోకి నేరుగా వినబడతాయి, ఆ చప్పుడుకే బండి ఉరికినట్టు అనిపిస్తుంది. నేను కూడా అలా అనుకున్న రోజులున్నాయి. రెండు, మీ ఫిల్టర్ నిజంగానే మూసుకుపోయి ఉండవచ్చు. బూడిద మామూలు రోడ్డు దుమ్ము లాంటిది కాదు. ఎంతో సన్నగా ఉండి కాగితం మీద గట్టి పొర కడుతుంది. రోడ్డు మీద తిరిగే బండికి కిలోమీటర్ల లెక్కన మార్చే ఫిల్టర్ బూడిద బండిలో అందులో మూడో వంతుకే హద్దు చేరడం చూశాను. అడ్డం చాలా కాలం నిదానంగా పెరిగి, చివర్లో ఒక్కసారిగా ఎగబాకుతుంది. పదిహేను రోజుల కిందట బాగుందన్న మాట బూడిద బండికి చెల్లదు.

డబ్బా అడుగున నాలుకలా వేలాడే రబ్బరు వాల్వు ఉందో లేదో ఈ రోజే చూడండి. గాలి సుడి తిరిగేటప్పుడు విడిపోయిన బరువు దుమ్ము దానిలోంచే కింద పడాలి. అది ఊడిపోయిన బండిలో దుమ్ము బయటికి పోకపోగా అక్కడి నుంచే కొత్త దుమ్ము లోపలికి వస్తుంది. ఉంటే రోజూ ఒకసారి వేళ్లతో నొక్కి వదలమని క్లీనరుకు చెప్పండి. వానాకాలంలో బూడిద తడిసి అందులో సిమెంటులా గట్టిపడుతుంది, అప్పుడు రెండు పూటలా.

కాబట్టి వరస ఇది. వాల్వు, రబ్బరు గొట్టాలు, క్లాంపులు, ఇండికేటర్ చూసుకోండి. ఇప్పుడున్న ఫిల్టర్‌తోనే నిండు లోడు మీద అడ్డం కొలవండి. 635 దాటితే నమ్మకమైన చోట కొన్న పేపర్ ఫిల్టర్ వేసి, మళ్లీ అదే ఎత్తులో, అదే లోడుతో కొలిచి రెండు అంకెలూ రాసుకోండి. కొత్తదానితో కూడా 400 పైన ఉంటే ఫిల్టర్‌ను తిట్టకండి, గొట్టాల్లో ఏదో ఉంది, ముందు వైపు కొలవండి. 635 దాటకపోయినా పికప్ లేకపోతే గాలి సంగతి వదిలేసి డీజిల్ ఫిల్టర్, పంపు వైపు చూడాలి, అది వేరే కథ.

అంకెలు తీశాక ఇక్కడ రాయండి. ఏ చోట కొలిచారు, ఏ గేరు, ఎంత ఆర్‌పీఎం, ఎంత లోడు, వాన పడుతోందా అన్నవి కూడా రాస్తే చూసి చెబుతాను. తెల్లగుడ్డ ఫోటో తప్పకుండా పెట్టండి.